కోలారు బంగారు గనులు

2018లో వచ్చిన చలనచిత్రము వలన కోలారు గనుల పేరు మా షేకుపేట బాలురకును తెలియును. కాని తెర వేఱు, ఊరు వేఱు.

ఆ యూరు చూడదగినది. 1880లో జాన్ టేలర్ సంస్థ గనుల పని చేపట్టెను. 1902లో శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. దొరల బంగళాలు, క్లబ్బు నేటికిని నిలిచియున్నవి. కూలీల యిరుకు ఇండ్లును నిలిచియున్నవి. చిత్తూరు సీమ తెలుగువారును, అరవవారును అందు కాపురముండి, మూడువేల మీటర్లకు మించిన లోతున పసిడి త్రవ్విరి. రాతిధూళి పీల్చి పలువురు క్షీణించిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నేడు వారి బిడ్డలు పొద్దు పొడువకమునుపే రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు.

నగ కొనునపుడు తరుగును, మజూరీని మనము పైసలతో లెక్కింతుము. ఆ కూలీల యూపిరి ఏ తరుగులోను చేరలేదు. క్రొత్తది కొనకమునుపు పెట్టెలోని పాతనగ నొకమారు తీసి చూచుకొనుడు.