సముద్రం వేడెక్కితే గోదావరికి ఉరవడి

భద్రాచలం: మన్యానికి సముద్రం దూరమే అయినా అక్కడి మార్పుల ప్రభావం గోదావరి తీరాన్ని తాకుతోంది. 2022 జులై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులే. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత ఇదే అత్యధికం.

ఏ ఒక్క వరదకూ భూతాపమే కారణమని చెప్పలేం. అయితే అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే ఇముడ్చుకుంటున్నాయి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధికంగా తేమను మోస్తుంది. 1950-2015 మధ్య కాలంలో మధ్య భారతాన విస్తృత అతిభారీ వర్షాలు మూడింతలయ్యాయని, అరేబియా సముద్రం నుంచి వచ్చే తేమే అందుకు దోహదం చేసిందని 2017లో పుణె శాస్త్రవేత్తల అధ్యయనం తేల్చింది. ఆ వాన నీరు ప్రాణహిత, ఇంద్రావతుల ద్వారా భద్రాచలానికే చేరుతుంది. దిగువన కూనవరం వద్ద శబరి కూడా పొంగితే గోదావరి వరద త్వరగా తగ్గదు.

అట్లాంటిక్‌లోని ఉష్ణ జలప్రవాహం కుప్పకూలితే ఆసియా రుతుపవనాలు బలహీనపడతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల కమిటీ 2021 నివేదిక హెచ్చరించింది. అదే జరిగితే వానపైనే ఆధారపడిన గిరిజన రైతుకు కరవు తప్పదు.

కరకట్టల పటిష్ఠానికి, లోతట్టు కాలనీల తరలింపునకు పాత వరద లెక్కలే ప్రమాణం కారాదు.