పెరటి చుట్టము – పిగిలిపిట్ట

గత మాసమున ఈ పుటలయందు గోరువంకనుగూర్చి ముచ్చటించుకొంటిమి. దానిని జదివిన సోదరి యొకతె, "మా పెరటి గోరింటకంచెపై నల్లని తలయు, తోకక్రింద నెఱ్ఱని మచ్చయు గల పిట్టల జంట ప్రతిదినము వ్రాలుచున్నది. అవి యేవి?" అని యడిగినది. అవి పిగిలిపిట్టలు. హిందీవారు దీనినే బుల్‌బుల్ అందురు. అయితే పారసీక కవులు కొనియాడిన బుల్‌బుల్ ఇది కాదు. అది వేఱొక జాతి.

దీనిని గుర్తించుట కష్టము కాదు. పిచ్చుకకంటె పెద్దది, గోరువంకకంటె కొంచెము చిన్నది. ముక్కుకొన మొదలు తోకకొనవఱకు సుమారు 20 సెంటీమీటర్లుండును. తల నల్లన, నెత్తిపై చిన్న జుట్టు. మేనిమీది గోధుమవన్నె యీకల యంచులు తెల్లబడియుండుటచే చేపపొలుసులవలె గనబడును. తోక నల్లన, దాని కొన తెల్లన. తోకమొదట, క్రిందిభాగమున మాత్రము కుంకుమ యద్దినట్లుండును. ఎగిరిపోవునపుడు నడుముపై తెల్లని మచ్చ తళుక్కుమనును. ఆడుమగల భేదము చూపునకు దెలియదు.

గోరువంక నేలపై అడుగులు వేయుచు నడచును. దాని ముక్కును కాళ్లును పసుపుపచ్చన. పిగిలిపిట్ట నేలకు అరుదుగా దిగును. దిగినను గంతులు వేయును. అరకువంటి కొండసీమలలో నిక్కిన జుట్టును, తెల్లని చెక్కిళ్లును, కంటిదగ్గఱ నెఱ్ఱని చుక్కయు గలది కనబడినచో అది దీని జ్ఞాతి యగు తురాయి పిగిలిపిట్ట.

హిమాలయపాదములు మొదలు సింహళమువఱకు ఈ పక్షి కలదు. దట్టమైన యడవి దీనికి గిట్టదు. పొదలు, కంచెలు, తోటలు, ఊరిబయటి చిట్టడవులు దీని నివాసములు. సాధారణముగా జంటగా దిరుగును; మఱ్ఱియో రావియో పండినపుడు గుంపులుగా జేరును. జామపండ్లను పొడుచునని దీనిని దిట్టు ఇల్లాండ్రు గలరు. అది నిజమే. కాని తన పిల్లలకు బెట్టుటకై మన మొక్కలమీది పురుగులను ఏఱుకొనిపోవుననియు లెక్కలో వ్రాసికొనవలెను.

గూటి ప్రసంగము వచ్చినది గనుక మా తప్పొకటి చెప్పక తీఱదు. కొన్నియేండ్లక్రిందట ఉగాదికి ముందు పెరడు శుభ్రము చేయించుచు, గోరింటకంచెను నడుమెత్తునకు గొట్టించితిమి. పిగిలిపిట్టలు రెండు తలపై దిరుగుచు ఒకటే కూత. కాకితో దగవులాడుచున్నవి గాబోలునని యనుకొంటిమి. సాయంకాలము రెమ్మ లూడ్చునపుడు చిన్న గిన్నెవంటి గూడును, పగిలిన రెండు గ్రుడ్లును చీపురునకు దగిలినవి. పక్షి పేరు మాకు దెలియును. దాని యిల్లెక్కడనో యెఱుగమైతిమి. మఱునాడును ఆ జంట అచ్చటనే తిరిగినది.

కావున సోదరీమణులారా, కంచెకు కత్తి పెట్టించుటకు ముందు ఒక్కపూట కనిపెట్టి చూడుడు. ముఖ్యముగా మాఘము మొదలు వేసవి ముగియువఱకు ఇవి గూళ్లు గట్టును. సన్నని వేళ్లు, పుల్లలు, ఎండుటాకులు అల్లి, సాలెపట్టుతో బిగించును. గూడు తఱచుగా మన చేతికందు నెత్తుననే యుండును. ఒక్కొక్కప్పుడు వసారాలోని కుండీమొక్కలోనే కట్టుటయు గలదు. ముక్కున పురుగు గఱచుకొని పక్షి యొకే పొదలోనికి మాటిమాటికి బోవుచున్నచో అందు పిల్లలున్నవని యెఱుగవలెను. గ్రుడ్లు రెండో మూడో యుండును. లేతగులాబి వన్నెపై ఎఱ్ఱని చుక్కలు. పొదుగుటకు సుమారు 14 దినములు, పిల్లలు గూడు విడుచుటకు ఇంచుమించు మఱి 12 దినములు పట్టును. అనగా నెలదినముల యోపిక చాలును.

గూడు కనబడినను ఆకులు దొలగించి చూడరాదు. బిడ్డలను గుంపుగా జేరనీయరాదు. మనము తెఱచిన త్రోవనే కాకియు పిల్లియు గనిపెట్టును. అడవిపక్షులను బట్టుటయు, వాని గూళ్లను గ్రుడ్లను చెఱచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము గూడ. కాని ఇల్లు నడపువారికి చట్టము చెప్పనక్కఱ లేదు. గూటి విలువ వారికి దెలియును.

కంచె నెల దినములు గుబురుగా బెరిగిన నేమి? తరువాత గత్తిరించుకొనవచ్చును. మా యింట నిప్పుడట్లే చేయుచున్నాము. వచ్చు మాసమున తేనెపిట్టనుగూర్చి వ్రాయుదుము.