అశ్వత్థామ ఊరికే రాలేదు

‘కల్కి 2898 ఏడీ’లో సైన్స్ లేదు, ఉన్నదంతా పురాణమే, దానికి కాస్త యంత్రాల హంగు అద్దారు అనే మాట 2024 జూన్ 27న సినిమా విడుదలైన వారం నుంచి ఇప్పటిదాకా వినబడుతూనే ఉంది. ప్రపంచ సినిమా బాగా చూసినవాళ్లు, నేను గౌరవించే మిత్రులు కూడా ఇదే అంటున్నారు. ఇది తప్పు. ఆ సినిమా మీద ఎన్ని ఫిర్యాదులైనా చేయొచ్చు, నాకూ ఉన్నాయి. ఈ ఫిర్యాదు మాత్రం సినిమాలోని మొదటి పది నిమిషాలను పట్టించుకోనందువల్ల పుట్టింది.

ఆ పది నిమిషాల్లో ఏముంది? కురుక్షేత్రం ముగిసింది. ఓడిపోయిన అశ్వత్థామ పాండవుల వంశం నిలవకూడదని ఉత్తర గర్భం మీద అస్త్రం వేస్తాడు. కృష్ణుడు అతన్ని చావులేకుండా తిరగమని శపిస్తాడు. తర్వాత కథ ఆరు వేల ఏళ్లు దాటుతుంది. గంగ ఎండిపోయిన కాశీ, దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్ అనే కట్టడం. కింద జనానికి తాగే నీటికి కరువు, పైన చెట్లు, పండ్లు, సముద్రం. ఆ కాంప్లెక్స్‌లో ఆడవాళ్లను నంబర్లతో పిలుస్తారు. వాళ్లను గర్భవతుల్ని చేసి, కడుపులోని పిండం నుంచి ఒక సారాన్ని తీసి, సుప్రీమ్ యాస్కిన్ అనే శిథిల దేహానికి ఎక్కిస్తారు. దానికి ప్రాజెక్ట్ కె అని పేరు.

మొదటి ఘట్టంలో గర్భం మీద అస్త్రం పడింది. ఆరు వేల ఏళ్ల తర్వాత గర్భంలోకి సూది దిగింది. రెండూ ఒకే నేరం. మొదటిది కోపంతో ఒకడు చేసింది. రెండోది ఒక వ్యవస్థ ప్రయోగశాలలో, పద్ధతి ప్రకారం, రోజూ చేసేది. శాస్త్రం అధికారం చేతిలో పడితే పుట్టబోయే ప్రాణం కూడా ముడిసరుకైపోతుందా అన్నదే సినిమా వేసిన ప్రశ్న. మేరీ షెల్లీ 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ప్రచురించినప్పటి నుంచి సైన్స్ ఫిక్షన్ ప్రాణాన్ని తయారు చేయడం గురించీ, వాడుకోవడం గురించీ అడుగుతూనే ఉంది. 1985లో మార్గరెట్ అట్వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో పిల్లల్ని కనగలిగిన స్త్రీలను రాజ్యం సొత్తుగా చేసిన లోకాన్ని రాసింది. ‘కల్కి’ ఆ వంశంలోది. రాకెట్లు, రోబోలు ఉంటేనే సైన్స్ ఫిక్షన్ అనుకునేవాళ్లకు ఈ బంధుత్వం కనబడదు. పొగిడినవాళ్లు కూడా ఇక్కడ సాయం చేయలేదు. కోయంబత్తూరులో తయారైన ఆరు టన్నుల బుజ్జి కారు గురించీ, గ్రాఫిక్స్ గురించీ మాట్లాడినంతగా ఆ సూది గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇక మహాభారతాన్ని మార్చేశారన్న అభ్యంతరం. టీవీ ‘మహాభారత్’లో భీష్ముడిగా దేశమంతటికీ తెలిసిన ముకేశ్ ఖన్నా, సినిమా నిర్మాణ స్థాయిని మెచ్చుకుంటూనే ఈ మాట గట్టిగా అన్నారు. కల్కి జననానికి కాపలా ఉండమని కృష్ణుడు అశ్వత్థామతో చెప్పడం వ్యాసభారతంలో లేదు. నిజమే, లేదు. సౌప్తిక పర్వంలో శాపం మూడు వేల ఏళ్లకే, సినిమా దాన్ని ఆరు వేలకు సాగదీసింది. అదీ నిజమే. కానీ మూలం అని మనం అంటున్నది ఒక్కటిగా లేదు. అశ్వత్థామ తలమీది మణినే తీసుకోండి. భారతంలో అతను తనే దాన్ని ఇచ్చేస్తాడు. భాగవతంలో అర్జునుడు జుట్టుతో పాటు కోసి తీసుకుంటాడు. పోతన చదివిన తెలుగువాడికి గుర్తుండేది, కొడుకుల్ని పోగొట్టుకుని కూడా గురుపుత్రుణ్ణి వదిలిపెట్టమన్న ద్రౌపది. వీటిలో ఏ కథను మార్చినందుకు ఎవరిని తప్పు పడదాం?

అసలు మార్పు జరిగిందా అన్నది చిన్న ప్రశ్న. ఆ మార్పు కథకు ఏం చేసింది అన్నది పెద్దది. ఉత్తర కడుపులో అస్త్రం తగిలి, కృష్ణుడి వల్ల బతికిన శిశువు పరీక్షిత్తు. అతని ఏలుబడిలోకే కలి చొరబడ్డాడని భాగవతం చెబుతుంది. ఆ యుగాన్ని ముగించేవాడు కల్కి. కల్కి పురాణంలో అతని తల్లి పేరు సుమతి. అంటే కలియుగం మొదట ఒక గర్భం, చివర ఒక గర్భం. మొదటిదాన్ని చంపబోయినవాణ్ణే చివరిదానికి కాపలా పెట్టాడు దర్శకుడు నాగ్ అశ్విన్. క్రీస్తుపూర్వం 3102లో కలియుగం మొదలైందన్న సంప్రదాయ గణన నుంచి ఆరు వేల ఏళ్లు లెక్కించి 2898ని ఎంచుకున్నానని కూడా ఆయనే చెప్పాడు. పురాణాన్ని అలంకారానికి వాడుకునేవాడు ఇంత దూరం ఆలోచించడు. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ పాత్రలో లేచి నిలబడితే హాలంతా ఎందుకు నిశ్శబ్దమైందో నాకు ఇక్కడే అర్థమైంది. ఆ ముసలివాడు చేస్తున్నది వీరత్వం కాదు, ప్రాయశ్చిత్తం.

పురాణాన్నీ యంత్రాన్నీ కలపడం మనకు కొత్త కూడా కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో దూరాన ఉన్న మనిషిని చూపించే ప్రియదర్శిని పెట్టె ఉంది. శశిరేఖ పెళ్లి కథే వ్యాసభారతంలో లేదు. అయినా ఆ సినిమా భారతాన్ని చెడగొట్టిందని ఏ తెలుగు ఇంట్లోనూ అనరు. దానికి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, 1991లో ‘ఆదిత్య 369’ తీసి టైమ్ మెషీన్‌ను కృష్ణదేవరాయల కొలువులో దింపారు. ఆ సింగీతాన్నే నిర్మాణ సంస్థ వైజయంతీ ‘కల్కి’కి మార్గదర్శిగా పిలిచింది. ఈ పరంపర తెలియకుండా, పురాణమూ సైన్సూ కలవవని తెలుగు ప్రేక్షకుడికి పాఠం చెప్పడం అన్యాయం.

కాపీ అన్న మాటకు వద్దాం. ఎడారిలో ఛేజులు ‘మ్యాడ్ మ్యాక్స్’ను గుర్తు చేస్తాయి, ఇసుక రంగులు ‘డ్యూన్’ను, మెరిసే ఆయుధాలు ‘స్టార్ వార్స్’ను. గుర్తు చేయడం లేదని వాదించను. ‘స్టార్ వార్స్’కు కురొసావా తీసిన ‘ది హిడెన్ ఫోర్ట్రెస్’ ప్రేరణ అని జార్జ్ లూకాస్ దాచుకోలేదు. పైనుంచి ఏలే నగరం, కింద నలిగే జనం 1927లోనే ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపొలిస్’లో ఉన్నారు. ఎక్కడి నుంచి తెచ్చాడన్న దగ్గర ఆగిపోతే విమర్శ సగమే. తెచ్చినదాన్ని దేనికి వాడాడో కూడా చూడాలి.

ప్రభాస్‌కు అన్యాయం జరిగిందని బాధపడ్డ అభిమానులకు కూడా ఒక మాట. అతను వేసిన భైరవ డబ్బు కోసం మనుషుల్ని పట్టిచ్చేవాడు. కాంప్లెక్స్‌లోకి వెళ్లడానికి మిలియన్ యూనిట్లు కూడబెట్టడమే అతని లక్ష్యం. కింద నలిగేవాళ్లను ఉద్ధరించాలని కాదు, పైన సుఖపడాలని. మన అగ్రనటుడు ఇంత స్వార్థపరుడిగా కనబడటానికి ఒప్పుకోవడం నాకు సంతోషం కలిగించింది. అతను కర్ణుడని చివర్లో తెలిసినప్పుడు ఆ స్వార్థానికి బరువు వస్తుంది. తప్పు వైపు నిలబడిన వీరుడి కథ అది. అభిమానులు కోరినట్టు మొదటి రీలు నుంచే రక్షకుడిని చేసి ఉంటే ఆ ముగింపు ఉండేది కాదు.

మొదటి సగం సాగిందన్నది మాత్రం నిజం. బుజ్జితో హాస్యంలో సగం తీసేయొచ్చు. కాంప్లెక్స్‌లో రాక్సీ అనే అమ్మాయితో నడిచే ఘట్టం అక్కర్లేదు. రాజమౌళి, రామ్‌గోపాల్ వర్మ కనబడ్డప్పుడు ఈలలు పడ్డాయి, కథ మాత్రం ఆగింది. ఇలా అన్నవాళ్లను తెలుగు సినిమా ఎదుగుదల చూడలేనివాళ్లని తిట్టడం, వెయ్యి కోట్ల వసూళ్లు చూపించి నోరు మూయించడం తగని పని. 1968లో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ తొలి ప్రదర్శనల తర్వాత స్టాన్లీ కూబ్రిక్ తనే దాదాపు 19 నిమిషాలు కోసేశాడు. వసూళ్ల లెక్క నిడివి ప్రశ్నకు జవాబు కాదు.

నన్ను నిజంగా బాధపెట్టిన లోపం ఈ రభసలో పెద్దగా వినబడలేదు. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో కూడా పిల్లల కోసం బంధించిన ఆడవాళ్లు ఉన్నారు. కాపీ అన్నవాళ్లు ఎడారినీ బండ్లనూ చూశారు, ఈ ఆడవాళ్లను చూడలేదు. అక్కడ పారిపోవాలన్న నిర్ణయం వాళ్లది. ఇక్కడ కల్కిని మోసే సుమతి గర్భాన్ని దాచుకుంటుంది, నిప్పుల్లోంచి నడిచి వస్తుంది, కానీ ఆమెకు ఏం కావాలో ఎవరూ అడగరు. యాస్కిన్‌కు పిండం కావాలి. శంభల అనే రహస్య స్థావరంలోని వాళ్లకు దేవుడి తల్లి కావాలి. అశ్వత్థామకు విముక్తి కావాలి. భైరవకు యూనిట్లు కావాలి. నంబరుతో పిలిచే చోటి నుంచి బయటపడి అమ్మా అని మొక్కే చోటికి చేరింది, రెండు చోట్లా ఆమె కడుపే ముఖ్యం. ఆ సూదిని అంత ధైర్యంగా చూపించిన దర్శకుడు, సూది గుచ్చుకున్న మనిషి నోట నాలుగు మాటలు పెట్టలేకపోయాడు. సుమతిగా నటించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఆమె స్థానంలో ఎవరొస్తారా అని ఊహాగానాలు చేసేవాళ్లు, ఎవరొచ్చినా సరే, ఈ బిడ్డను కనడం సుమతికి ఇష్టమేనా అని ఒక్క సన్నివేశంలోనైనా అడగమని నాగ్ అశ్విన్‌ను అడగాలి.