నోరు మూసుకోమని కసిరే ముందు ముక్కును చూడండి

నోరు తెరచుకుని ఉండటానికి మన భాషలో గౌరవం లేదు. ‘నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు’ అన్నామంటే ఎదుటివానికి తెలివి చాలదని చెప్పినట్లే. ఈ కారణం చేతనే కాబోలు, పిల్లవాడు పెదవులు కలపకుండా కూర్చుంటే తల్లిదండ్రులు గాని, ఉపాధ్యాయులు గాని దానిని బుద్ధిలోపంగానో, అలక్ష్యంగానో భావిస్తారు. ‘నోరు మూసుకో’ అని కసురుతారు. వాడు మూసుకుంటాడు. రెండు నిమిషాలకు మళ్ళీ తెరుస్తాడు. తెరవకపోతే ఊపిరి అందదు గనుక తెరుస్తాడు. ఇంత చిన్న సంగతి గ్రహించటానికి, వైద్యం వంశపారంపర్యంగా వచ్చిన ఇంట పుట్టిన నాకే రెండేళ్ళు పట్టింది. చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉన్నా, పాఠకులకు ఉపకరిస్తుందని చెబుతున్నాను.

మా రెండవవాడికి అప్పుడు అయిదో ఏడు. మాది గుంటూరు ప్రాంతం. మిరప కళ్ళాల కాలంలో ఊరు ఊరంతా తుమ్ముతుంది. వాడి ముక్కుదిబ్బడ కూడా ఆ ఘాటు వల్లనే అనుకున్నాను. శొంఠి, మిరియాలు, తులసి వేసి కషాయం ఇచ్చాను. రాత్రిళ్ళు వాము వేయించి మూట కట్టి వాసన చూపించాము. కొంత తగ్గినట్లే తగ్గి మళ్ళీ మొదటికి వచ్చేది. ‘కఫప్రకృతి’ అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. వాడు పెద్దవాళ్ళలా గురక పెడుతుంటే ఇంట్లో అందరూ నవ్వేవారు. గురక మధ్యలో కొన్ని క్షణాలు చప్పుడు ఆగిపోయి, వాడు ఉలికిపడి అటునుంచి ఇటు దొర్లేవాడు. ఆరేళ్ళు వచ్చినా పక్క తడపటం మానలేదు. అన్నం తినటానికి ముప్పావుగంట. నమిలేటప్పుడు నోరు మూయాలి, నోరు మూస్తే ఊపిరి ఆడదు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి ఆగి నమిలే ఆ పిల్లవాణ్ణి ‘ఎంతసేపు తింటావురా’ అని నేనే ఎన్నోసార్లు గద్దించాను. బడిలో పంతులుగారు ‘మీవాడు ఏం చెప్పినా వినడండీ’ అని ఫిర్యాదు చేసేవారు.

ఒక సంక్రాంతికి, దంతవైద్యం చదువుతున్న మా మేనల్లుడు వచ్చాడు. వాడు సరదాగా పిల్లల పళ్ళు చూస్తూ మావాడి దగ్గర ఆగిపోయాడు. ‘మామయ్యా, వీడి అంగిలి చూశారా? గోపురంలా పైకి లేచిపోయింది. వీడి ముక్కు పనిచేయటం లేదు’ అన్నాడు. మరుసటి వారం చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాము. ముక్కు వెనుక భాగాన, గొంతుకు పైన ఉండే అడినాయిడ్ అనే కండ పెరిగి దారిని దాదాపు మూసివేసిందని ఎక్స్‌రేలో కనిపించింది. అంతేకాదు, దాని ఒత్తిడికి కర్ణభేరుల వెనుక నీరు చేరి వినికిడి తగ్గిందని తేలింది. పంతులుగారి మాట అక్షరాలా నిజమన్నమాట. వాడు వినటం లేదు. వాడికి వినబడటం లేదు.

ఈ అడినాయిడ్ కొత్తగా కనిపెట్టిన వింత కాదు. 1868లోనే కోపెన్‌హాగెన్‌కు చెందిన మేయర్ అనే వైద్యుడు దీనిని వివరించి, ముక్కుదిబ్బడకు, నోటి శ్వాసకు, చెవుడుకు గల సంబంధాన్ని తెలియజేశాడు. సాధారణంగా మూడు నుంచి ఏడేళ్ళ మధ్య ఇది పెద్దదై, యౌవనం వచ్చేసరికి దానంతట అది కృశిస్తుంది. ‘పెద్దయితే అదే పోతుంది’ అని పెద్దలనే మాటలో అందుచేత కొంత సత్యం ఉంది. అయితే అది పోయేలోపల జరిగే నష్టం మాట ఏమిటి? పెదవులు కలిసి ఉన్నప్పుడు నాలుక అంగిలిని ఆనుకుని, పై దవడ వెడల్పుగా పెరగటానికి లోపలి నుంచి దన్నుగా నిలుస్తుంది. నోరు తెరచి ఉంటే నాలుక కిందికి జారుతుంది. పై దవడ ఇరుకై, పళ్ళు ముందుకు వచ్చి, ముఖం పొడుగ్గా సాగుతుంది. 1970 దశకంలో అమెరికాలో హార్వోల్డ్ అనే పరిశోధకుడు కోతిపిల్లల ముక్కులను కృత్రిమంగా మూసి పెంచితే వాటి దవడలు, పళ్ళ వరుసలు తేడాగా పెరిగాయి. ఆ మూగజీవాల పట్ల జరిగినది నాకు సమ్మతం కాకపోయినా, తెలిసిన విషయాన్ని కాదనలేము.

ముక్కు ఊరికే గాలి పోయే గొట్టం కాదు. లోపలి వెంట్రుకలు, శ్లేష్మపు పొర దుమ్మును పట్టి నిలుపుతాయి. మడతలు మడతలుగా ఉన్న లోపలి గోడలు గాలిని వెచ్చబరచి, తేమ కలిపి ఊపిరితిత్తులకు పంపుతాయి. ముక్కు చుట్టూ ఉన్న గాలిగదులలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టి శ్వాసతో కలుస్తుందని, అది రక్తనాళాలను విప్పార్చుతుందని 1990 దశకంలో స్వీడన్ శాస్త్రజ్ఞులు తెలియజేశారు. వారే 2002లో మరొక చక్కని విషయం ప్రకటించారు. నోరు మూసుకుని ఝుంకారం చేసినపుడు ముక్కు నుంచి వెలువడే ఈ వాయువు, మౌనంగా విడిచే శ్వాసలో కంటె 15 రెట్లు అధికమట. మన భ్రామరీ ప్రాణాయామం చదివిన వారికి ఇది సంతోషం కలిగించే వార్త. దానిని పట్టుకుని భ్రామరి సర్వరోగ నివారిణి అనటం మాత్రం తగదు. నోటితో పీల్చే గాలికి ఈ సంస్కారాలేవీ ఉండవు. లాలాజలం ఆరిపోతుంది. పళ్ళు పుచ్చుతాయి, నోరు వాసన వేస్తుంది, తెల్లవారేసరికి గొంతు గరగరలాడుతుంది.

మన శాస్త్రంలో ముక్కుకు ఇచ్చిన స్థానం చిన్నది కాదు. వాగ్భటుడు దానిని శిరస్సుకు ద్వారంగా భావించి నస్యానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చరకుడు దినచర్యలో అణుతైల నస్యాన్ని చేర్చాడు. అదీ ఏడాది పొడుగునా కాక, మబ్బులు లేని రోజుల్లో, ఎంచిన ఋతువుల్లో మాత్రమే. ఇంతటి జాగ్రత్త చెప్పిన శాస్త్రానికి వారసులమైన మనం ఇళ్ళల్లో ఏం చేస్తున్నాం? పసిబిడ్డకు తలంటి పోసి, వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు రంధ్రాలలో నూనె పోసి నోటితో ఊదుతున్నాం. ఆపైన గది తలుపులు మూసి సాంబ్రాణి పొగ పడుతున్నాం. మా అమ్మగారు మమ్మల్నందరినీ ఇలాగే పెంచారు, ఆవిడ మీద నాకు గౌరవం తగ్గలేదు. కాని ఆ నూనె పొరపాటున శ్వాసనాళంలోకి దిగితే ఊపిరితిత్తులలో నిలిచిపోయి ఒక రకమైన న్యుమోనియా కలుగుతుంది. పుట్టిన కొన్ని నెలల వరకు బిడ్డ ముఖ్యంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. అటువంటి దారిలో నూనె, పొగ నింపటం ఏ విధంగా వైద్యం? ఏడేళ్ళ లోపువారికి నస్యకర్మ పనికిరాదని వాగ్భటుడే అన్నాడు. ‘ప్రతిమర్శ నస్యానికి ఆ నియమం లేదు కదా’ అని పండితులు కొందరు నాతో వాదించారు. నిజమే, లేదు. అయితే వేలికొసతో రెండు చుక్కలు అంటించటానికీ, పోసి ఊదటానికీ ఎంత దూరం ఉందో వారికి నేను చెప్పనక్కరలేదు. నా మటుకు నేను పసిపిల్లల విషయంలో ఆ రెండు చుక్కలూ వద్దనే అంటాను.

జలనేతి మంచిదే. ఎలర్జీ వల్ల, దుమ్ము వల్ల ముక్కు మూసుకునే పెద్దలకు నేను తరచు సలహా ఇస్తాను. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే రమారమి చిన్న చెంచాన్నర కలపాలి. నీళ్ళు మాత్రం తప్పక తెర్లకాచి, గోరువెచ్చగా చల్లార్చినవై ఉండాలి. బావినీరు, చెరువునీరు, కుళాయినీరు నేరుగా ముక్కులోకి పోనీయరాదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు, ఆ నీటిలోని అమీబా మెదడుకు చేరి మరణించారు. 2024, 2025 సంవత్సరాలలో కేరళలో అమీబా వల్ల వచ్చే మెదడు జ్వరం ఎంత భయపెట్టిందో మనం పత్రికలలో చదివాము. ప్రాచీనమైన క్రియ కదా అని ఏ నీరైనా పనికివస్తుందనుకోరాదు.

ఈ మధ్య సెల్‌ఫోన్లలో చూసి, నిద్రపోయేటప్పుడు పెదవులకు పట్టీ అంటించుకునేవారు బయలుదేరారు. ఇదీ కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలోని ఆదిమ తెగల తల్లులు నిద్రపోయే బిడ్డల పెదవులను వేళ్ళతో కలిపేవారని జార్జ్ కాట్లిన్ అనే చిత్రకారుడు 1860 దశకంలో ఒక పుస్తకమే రాశాడు. అతిశయోక్తులు తీసివేస్తే అందులో గ్రహించదగినది ఉంది. కాని వేలితో పెదవి కలపటం వేరు, జిగురు పట్టీ వేసి దారి మూయటం వేరు. ముక్కు మూసుకుపోయినవారికి, గురక మధ్యలో ఊపిరి ఆగేవారికి, మద్యం సేవించి పడుకునేవారికి అది ప్రమాదం. పిల్లల నోటికి పట్టీ వేయటమంటే వారికి ఉన్న ఒక్క దారినీ కట్టివేయటమే. నన్నడిగిన తల్లులందరికీ వద్దనే చెప్పాను.

పెద్దల విషయం వేరే తీరు. చాలామందిలో ముక్కు దూలం వంకరగా ఉండవచ్చు, లోపల కండ పెరిగి ఉండవచ్చు, వయ్యారిభామ పుప్పొడి గాని, దోమల బత్తి పొగ గాని పడకపోవచ్చు. మందుల దుకాణంలో ముక్కు చుక్కలు కొని నెలల తరబడి వేసుకునేవారు మరికొందరు. అయిదారు రోజులు దాటితే ఆ చుక్కలే ముక్కును మూయటం మొదలుపెడతాయి. అది తెలియక మరికొన్ని వేసుకుంటారు. పెద్ద గురక, ఉదయం తలనొప్పి, పగటిపూట కునికిపాట్లు, తగ్గని రక్తపోటు ఉన్నవారు కషాయాలతో కాలక్షేపం చేయక నిద్రలో శ్వాస పరీక్ష చేయించుకోవాలి. వాహనాలు నడిపేవారికి ఇది మరీ ముఖ్యం. పిల్లలలో ఒక్క వైపు ముక్కునుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల శనగగింజో, బలపం ముక్కో ఇరుక్కుని ఉన్నదేమో చూపించాలి. గడియారాలలో, ఆటబొమ్మలలో వాడే బిళ్ళ బ్యాటరీ అయితే గంటలలోనే లోపలి పొరను కాల్చివేస్తుంది, తెల్లవారేదాకా ఆగకూడదు.

దారి బాగుండి అలవాటు మాత్రమే మిగిలిందా అన్నది తెలుసుకోవటానికి ఇంట్లో ఒక ఉపాయం ఉంది. చల్లని స్టీలు పళ్ళాన్ని ముక్కు కింద పట్టి, రెండు వైపులా ఆవిరి పడుతున్నదో లేదో చూడండి. ఒక వైపు కొంచెం తక్కువ పడితే కంగారు వద్దు. రెండు రంధ్రాలూ కొన్ని గంటలకొకసారి వంతులు మార్చుకోవటం సహజమే. తరువాత నోటిలో గుక్కెడు నీళ్ళు పట్టి, మింగకుండా ముక్కుతోనే శ్వాసించమనండి. ఒకటి రెండు నిమిషాలు సుఖంగా ఉండగలిగితే దారి ఉన్నట్లే. ఉక్కిరిబిక్కిరి అయితే వెంటనే ఉమ్మివేయించి, అభ్యాసాల జోలికి పోక వైద్యుని వద్దకు వెళ్ళండి.

మావాడికి శస్త్రచికిత్స అయింది. రెండు వారాలలో గురక పోయింది, పక్క తడపటం క్రమంగా ఆగింది. నోరు మాత్రం తెరచే ఉండేది! నాలుగేళ్ళు ఒక విధంగా బతికిన పెదవులకు కలవటం తెలియదు. అప్పుడు నేను కషాయం గిన్నె పక్కన పెట్టి వాడితో పాటు కూర్చున్నాను. ఉదయం మా ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తున్నంతసేపూ వాడు, నేను నోట్లో నీళ్ళు పట్టుకుని ఆ ముగ్గు చుట్టూ నడిచేవాళ్ళం. ఎవరు ముందు నవ్వితే వారు ఓడినట్లు. చదువుకునేటప్పుడు పెదవుల మధ్య తాటాకు ముక్క పెట్టుకునేవాడు. పడుకోబోయే ముందు ఇద్దరమూ తుమ్మెదల్లా ఝుంకారం చేసేవాళ్ళం. పక్కింటివారు మొదట్లో తగవు అనుకున్నారట! కసరటం పూర్తిగా మానివేశాం. నోరు తెరిచినపుడు నేను నా పెదవి మీద వేలు ఆనించేవాణ్ణి, అంతే.

ఆరేడు నెలలు పట్టింది. మధ్యలో జలుబు చేసిన ప్రతిసారీ వారం రోజులు వెనక్కు పోయింది. పళ్ళ వరుసకు తరువాత తీగ కట్టించవలసి వచ్చింది. నేను పోగొట్టిన రెండేళ్ళు ఉంటే అంత అవసరం ఉండేది కాదేమోనని మా మేనల్లుడు మెల్లగా అన్నాడు. ఇప్పుడు నా దగ్గరకు గురక పెట్టే పిల్లవాడిని ఎవరైనా తీసుకువస్తే, నాడి చూడటానికి ముందే టార్చిలైటుతో అంగిలి చూస్తాను, అన్నం ఎంతసేపు తింటాడని అడుగుతాను.