పాత వ్యానుకి ప్రీమియం పెట్రోల్ మందు కాదు

పెళ్లి వలీమాకైనా, విజయనగరం బాబామెట్ట దర్గా ఉర్సుకైనా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా కుటుంబాలు కదిలేది పాత ఒమ్నీలోనో, ఈకోలోనో. కొందరికి అదే బతుకుతెరువు కూడా. బండి మైలేజీ తగ్గిందని, పికప్ లేదని కొంతకాలంగా ఈ యజమానులు అంటున్నారు. బంకులో ఎవరో చెబితే లీటరుకి కొన్ని రూపాయలు ఎక్కువ పెట్టి ప్రీమియం పెట్రోల్ కొట్టిస్తున్నారు. ఆ ఖర్చుతో సమస్య తీరుతుందా?

ముందు పెట్రోల్ ఎలా మారిందో చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోల్‌ని కేంద్రం 2023 ఫిబ్రవరిలో ప్రారంభించింది. 2030 నాటికి అనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకుంది. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది ఇదే. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. అంటే పాత బండి ఉన్నవాళ్లు ఈ పెట్రోల్‌తోనే నెట్టుకురావాలి.

ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇంజిన్‌లో ఒత్తిడికి పెట్రోల్ ముందుగానే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె అది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి, పెట్రోలియం శాఖ చెప్పిన ప్రకారం మామూలు ఇ-20 పెట్రోలే 95 దాకా వస్తుంది. 796 సీసీ ఒమ్నీ తక్కువ కంప్రెషన్ ఇంజిన్. దానికి అంతకన్నా ఎక్కువ ఆక్టేన్ పోసినా ఒరిగేదేమీ లేదు. పైగా ప్రీమియం అన్నంత మాత్రాన అందులో ఇథనాల్ లేదని కాదు.

మరి మైలేజీ ఎందుకు తగ్గింది? ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు శక్తి తక్కువ. ఇ-20కి తయారు కాని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే వ్యాను నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగితే 100 లీటర్లు తాగేది. ఇప్పుడు మరో ఆరేడు లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన ఇది నెలకి 700 రూపాయల పైమాటే. ప్రీమియంకి లీటరుకి ఏడు రూపాయలు ఎక్కువ అనుకుంటే, దానికి ఇంకో 700 తోడవుతుంది. నష్టం రెట్టింపు, లాభం సున్నా.

అసలు జాగ్రత్త పడాల్సింది రబ్బరు భాగాల దగ్గర. ఇథనాల్‌కి పాత రకం రబ్బరు ఉబ్బుతుంది, పగులుతుంది. కొన్ని పాత బండ్లలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. ఒమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. వేడి ఇంజిన్ దగ్గర పెట్రోల్ పైపు కారితే మంటలు రేగే ప్రమాదం ఉంది. బండిలో పెట్రోల్ వాసన వస్తే వెంటనే ఆపి, మెకానిక్‌కి చూపించాకే కదలాలి.

ఇథనాల్ తేమని కూడా పీలుస్తుంది. సముద్రపు గాలి తగిలే ఈ జిల్లాల్లో, వారాల తరబడి కదలని బండికి ఇది ఇబ్బందే. నీరు ఎక్కువ చేరితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకి దిగిపోతుంది. అప్పుడు బండి స్టార్ట్ కాదు. వానాకాలంలో ట్యాంకు సగానికి పైగా నింపి ఉంచాలి, వారానికోసారి బండి తిప్పాలి. ట్యాంకులో పేరుకున్న పాత మడ్డిని ఇథనాల్ కదిలిస్తుంది కాబట్టి పెట్రోల్ ఫిల్టర్ మార్చడం మరవకూడదు. ఎంపీఎఫ్ఐ బండ్లలో కంప్యూటర్ కొంతవరకు సర్దుకుంటుంది. కార్బొరేటర్ ఒమ్నీకి ఆ సౌకర్యం లేదు, మెకానిక్‌తో ట్యూనింగ్ చేయించుకోవాలి.

సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమని కొడితే, తప్పు ఎక్కువగా పెట్రోల్‌ది కాదు. కార్బన్ పట్టడమో, ఇగ్నిషన్ టైమింగ్ తప్పడమో, కూలెంట్ తగ్గడమో అయ్యుంటుంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్ వేళకి మార్చాలి. ఒమ్నీ టైమింగ్ బెల్టు తెగేదాకా ఆగకూడదు.

ఇథనాల్ వల్ల లాభపడేవాళ్లూ ఈ ప్రాంతంలోనే ఉన్నారు. విజయనగరం జిల్లా సంకిలి చక్కెర కర్మాగారానికి డిస్టిలరీ ఉంది. చెరుకుకి గిరాకీ నిలబడితే రైతుకి మంచిదే. కానీ ఆ విధానం ఖర్చులో ఒక భాగం పాత బండి నడుపుకునే చిన్న కుటుంబం మీద పడుతోంది. ఏ మోడల్‌కి ఏ భాగాలు మార్చాలో కంపెనీలు తెలుగులో జాబితా ఇవ్వాలి. ఆ భాగాలు పాత మోడళ్లకి తక్కువ ధరకి దొరికేలా ప్రభుత్వం చూడాలి. అప్పటిదాకా ప్రీమియం పెట్రోల్‌కి పెట్టే 700 రూపాయల్ని పైపులకి, ఫిల్టర్‌కి పెట్టడమే కుటుంబానికి మేలు.