‘అన్న’ లేకపోతే ఆఫీస్ ఆగిపోతుందా?

కంపెనీలో నలుగురే ఉన్నప్పుడు ఒక వాట్సాప్ గ్రూప్ చాలు. ‘అన్నా, ఈ కస్టమర్‌కి ఏం చెప్పాలి?’ అంటే అన్న చెప్పేస్తాడు. ముప్ఫై మంది అయ్యాక కూడా అన్నే చెప్పాలంటే అన్నకి అన్నం తినే టైమ్ ఉండదు. స్టార్టప్ పెట్టిన నా ఫ్రెండ్ ఒకడు సొంత చెల్లి పెళ్లిలో, తలంబ్రాల టైమ్‌లో కూడా ఫోన్‌లో రిఫండ్లు ఓకే చేస్తూ కనిపించాడు. ‘నేను లేకపోతే పని నడవదురా’ అన్నాడు, గర్వంగా!

వాడికి మదురై కథ చెప్పాను. 1976లో గోవిందప్ప వెంకటస్వామి అనే కంటి డాక్టర్ సర్కారు కొలువు నుంచి 58 ఏళ్లకి రిటైరై, 11 పడకలతో అరవింద్ ఆసుపత్రి మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా ఆపరేషన్లు చేసిన మనిషి. అయినా ఒక్కడే ఎన్ని శుక్లాలు తీయగలడు? ఆయన కన్ను దేనిమీద పడిందో తెలుసా... మెక్‌డొనాల్డ్స్ మీద! ఏ ఊళ్లో తిన్నా అదే బర్గర్ వస్తున్నప్పుడు, ఎవరొచ్చినా అంతే మంచి ఆపరేషన్ ఎందుకు అందకూడదు అన్నది ఆయన పట్టుదల.

అక్కడి థియేటర్‌లో ఒక్కో డాక్టర్‌కి పక్కపక్కనే రెండు టేబుళ్లు. ఒకదాని మీద ఆపరేషన్ నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి పేషెంట్ రెడీ. ఇది అవగానే డాక్టర్ మైక్రోస్కోప్‌ని అటు తిప్పుకోవడమే. చూపు పరీక్షలు, పేషెంట్‌ని సిద్ధం చేయడం లాంటివన్నీ ఆసుపత్రే ట్రైనింగ్ ఇచ్చిన పల్లెటూరి అమ్మాయిలు చూసుకుంటారు. డాక్టర్ తప్ప ఇంకెవరూ చేయలేని పని మాత్రమే డాక్టర్‌ది. వెంకటస్వామి 2006లో పోయారు. ఆపరేషన్లు ఆగలేదు. ఇప్పుడు మన తిరుపతిలోనూ వాళ్ల ఆసుపత్రి ఉంది.

‘అన్నీ రాసి పెడితే మా వాళ్లు మెషిన్లు అయిపోరా?’ అన్నాడు మావాడు. అన్నీ ఎందుకురా బాబూ? వారంలో మూడుసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటి పట్టుకో. జవాబు రాసి, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికివ్వు. వాడు ఎక్కడ ఆగిపోతే అక్కడ నువ్వు రాసింది సరిగా లేదన్నమాట, తప్పు వాడిది కాదు.

రిఫండ్‌తో మొదలుపెట్టాడు. రెండు వేల లోపైతే టీమే తేల్చుకోవాలి. ఆ పైన అయితేనే తనకి ఫోన్. మొదటి వారం ఎవరూ నమ్మలేదు, మళ్లీ ‘అన్నా’ అంటూ మెసేజ్‌లు! వాడు ఓపిగ్గా ఆ కాగితం ఫొటోనే తిప్పి పంపాడు.

మొన్న తిరుమల వెళ్లాడు. ఫోన్ డిపాజిట్ చేసి ఆరు గంటలు క్యూలో ఉన్నాడు. బయటికొచ్చి చూసుకుంటే రెండే మిస్డ్ కాల్స్. అందులో ఒకటి వాళ్లమ్మది.