స్థితి కాదు, స్మృతి



నా పూర్వవిద్యార్థి ఒకడు క్లౌడు రంగంలో పనిచేస్తున్నాడు. తన వద్ద కొత్తగా చేరిన పిల్లలకోసం తెలుగులో పాఠాలు వ్రాసుకుంటూ, 'స్టేట్‌లెస్ ఫైర్‌వాల్ రూల్' అన్నదానికి మాట అడిగితే, క్షణమైనా ఆలోచించక 'స్థితిరహిత నియమం' అన్నాను. పొరబడ్డాను. ఆ పొరబాటు దిద్దుకోవడానికే ఈ టపా.

స్థితి అంటే ఉనికి, అవస్థ. ఈ నియమానికి అవి లేకపోలేదు. లేనిది జ్ఞాపకం. అమెజాన్ వారి క్లౌడులో సబ్‌నెట్టు వాకిట నిలిచే 'నెట్‌వర్క్ ఏసీఎల్' ఇటువంటిదే. ప్రతి ప్యాకెట్టునూ అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తుంది. ఎక్కడినుండి వచ్చింది, ఏ ప్రోటోకాలు, ఏ పోర్టుకు పోవాలి, ఇంతే దాని విచారణ. వచ్చినది మనం ఇంతకుముందు పంపిన ప్రశ్నకు జవాబా, పిలువని పేరంటమా అన్న వివేకం దానికి లేదు. యంత్రాన్ని అంటిపెట్టుకొని ఉండే 'సెక్యూరిటీ గ్రూప్' అలా కాదు. బయటికి పోయినదానిని గుర్తుంచుకొని, దాని జవాబును అడ్డుపెట్టక లోనికి రానిస్తుంది. కనుక మొదటిది స్మృతిరహితం, రెండవది స్మృతిసహితం.

స్మృతి అంటే ధర్మశాస్త్రం కదా అని ఆక్షేపించే పండితులుంటారు. ఉండనీయండి. 'స్మృతిభ్రంశం' అన్నప్పుడు మనువును ఎవరు తలచుకుంటున్నారు?

మాటలో ఏముందిలే అనకండి. ఆ పిల్లలలో ఒకడు కొత్త ఏసీఎల్ ఒకటి సృష్టించాడట. కొత్తది ఆదిలో దేనినీ రానివ్వదు, పోనివ్వదు. బయటికి 443వ పోర్టుకు అనుమతి వ్రాసి, అంతటితో సరి అనుకున్నాడు. ప్రశ్న వెళ్ళింది, జవాబు వాకిట ఆగిపోయింది. జవాబు మన 443కు రాదు, అడిగిన యంత్రం ఆ క్షణానికి ఎంచుకున్న తాత్కాలిక పోర్టుకు వస్తుంది. విసిగి, 1024 నుండి 65535 దాకా ఎక్కడినుండైనా లోనికి రావచ్చునని మరొక నియమం వ్రాశాడు. పని జరిగింది. కాని మైఎస్‌క్యూఎల్ వాడే 3306, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389, పోస్ట్‌గ్రెస్ వాడే 5432 ఆ నిడివిలోనివే! జ్ఞాపకం లేని కావలివాడున్నచోట జవాబుకు తెరిచిన తలుపు దొంగకూ తెరిచినదే. వెనుక సెక్యూరిటీ గ్రూప్ ఉండబట్టి బతికిపోయాడు. ఆ మూడింటినీ నిరాకరించే నియమాలను చిన్న సంఖ్యలతో ముందుగా వ్రాయవలసింది.

చిన్న సంఖ్య ఎందుకంటారా? నియమాలను చిన్నదానినుండి పెద్దదానికి చదువుతారు. మొదట పొసగినదే చెల్లుతుంది, తక్కినవాటి మొగం చూడరు. పాణినీయం చదివినవారికి ఇది తలక్రిందులుగా తోస్తుంది. అక్కడ సమబలం గల రెండు సూత్రాలు తలపడితే పరసూత్రానిదే పైచేయి. 2020లో అమెజాన్ వారే తెచ్చిన 'నెట్‌వర్క్ ఫైర్‌వాల్'లోని స్మృతిరహిత నియమాలలో ఈ సంఖ్యకు 'ప్రయారిటీ' అని పేరు. దానిని 'ప్రాధాన్యం' అని తెనిగిస్తే, 10 కంటె 100కు ప్రాధాన్యం ఎక్కువని పిల్లలు అనుకోరా? 'వరుససంఖ్య' అంటే ఆ బాధ లేదు.

ఈ నియమాలను ప్రోగ్రాముగా వ్రాసుకోవడానికి 'సీడీకే' అనే లైబ్రరీ ఉంది. (దీనిని గ్రంథాలయం అనను. ఒకసారి కాలింది చాలు.) అందులో ఏసీఎల్ నియమానికి దిశ చెప్పకపోతే లోనికి అనీ, చర్య చెప్పకపోతే అనుమతి అనీ గ్రహిస్తుంది. మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి, ఇక్కడ పూర్ణాంగీకారమే! వాకిలి కాసేదానికి ఇంత ఔదార్యం నాకు నచ్చలేదు. నిరాకరణ వ్రాయబోయి ఒక్క పంక్తి మరచినవాడు అనుమతి వ్రాసినవాడవుతాడు. ప్రతి నియమంలోనూ రెండింటినీ విడమరచి వ్రాయించమని శిష్యునికి చెప్పాను.

కొత్త మాట అతనికి నచ్చింది. పిల్లలు మాత్రం 'మతిమరుపు నియమం' అంటున్నారట. మరవడానికి మొదట గుర్తుండాలి కదా అని ఆక్షేపించబోయి, మానుకున్నాను.